తాతమ్మ మ్యూజియంలో కొత్త కోడలు

నిజాంసాగర్ కాలువ కిందికి వలసొచ్చి బంజరు కొట్టి క్యాంపు వేసిన తొలి కుటుంబం పెంకుటిల్లు ఇప్పుడు మ్యూజియం. ఏనాడో పోయిన తాతమ్మ మాటలన్నీ నింపుకున్న యంత్రమే దానికి యజమాని. అది ఒప్పుకుంటేనే కొత్త కోడలు ప్రణవి అక్కడ కాపురం ఉండొచ్చు. లేదంటే గేటు మూసేలోగా బయటికి నడవాల్సిందే.

పొద్దుట మట్టిపొయ్యిని చూసి మురిసిపోయిన ప్రణవి, ఇప్పుడు దానిమీద పాలు పెట్టింది.

"దయచేయండమ్మా, మంచినీళ్ళు తీసుకోండి," అంది గోడలోంచి తాతమ్మ గొంతు.

భర్త హేమంత్ మొహం పాలిపోయింది. "చూడ్డానికొచ్చే వాళ్ళతో ఇలాగే మాట్లాడుతుంది. ఇంటివాళ్ళతో ఇంత మర్యాద ఉండదు."

పాలు అంచుదాకా లేచాయి. పొంగించాలని తెలిసీ, అలవాటుకొద్దీ ప్రణవి కట్టె వెనక్కి లాగేసింది.

"ఓసి పిచ్చిమొహమా! కాపురానికొచ్చి పాలు పొంగనివ్వవా? ఎగదొయ్యి!"

"తిట్టింది, హేమంత్! నన్నే!"

"ముచ్చట్లు తర్వాత," కసిరింది గోడ. "పొయ్యి చూడు!"