గేదె లేచింది

బుల్లెట్‌గాడికి తగ్గిపోయిన మోకాలి నొప్పిని సరిగ్గా పోటీ రోజున తిరిగి రప్పించాలని సీనియర్ నిర్ణయించుకున్నాడు.

పదివేల మీటర్ల పరుగుకి జట్టులో ఒక్క సీటే మిగిలింది. దానికోసం ఇద్దరు మిగిలారు. బుల్లెట్‌కి ఇరవై రెండేళ్ళు. సీనియర్‌కి ముప్పై నాలుగు. పైగా అతని ఎడమ మడమలో ఎనిమిది నెలలుగా ఒక నొప్పి కాపురం పెట్టి, పిల్లల్ని కూడా కన్నది. ఈసారి సీటు రాకపోతే బూట్లు అటకెక్కాల్సిందే.

అసలు కోచ్ ఆ హిప్నోటిజం డాక్టర్ని పిలిపించింది ఇలాంటి నొప్పుల కోసమే. మొదట సీనియర్ దగ్గరికే పంపాడు.

“నన్ను నిద్రపుచ్చడం మా అమ్మవల్లే కాలేదు. మీరెంత?” అని సీనియర్ ఆయన్ని గుమ్మంలోంచే సాగనంపాడు.

రెండోరోజుకల్లా బుల్లెట్ కుంటుతూ కనిపించాడు. మోకాలట. రోజూ మధ్యాహ్నం మూడింటికి, స్టోర్‌రూమ్ పక్కగదిలో వాడికి వైద్యం మొదలైంది.

గోడలకి చెవులుంటాయంటారు. ఆ స్టేడియంలో గోడలన్నిటికీ కలిపి సీనియర్ చెవి ఒక్కటే ఉండేది. కోచ్ పెళ్ళాంతో పడ్డ గొడవైనా, వంటవాడు సెలవు కోసం మూడోసారి చంపిన మేనత్త సంగతైనా, ఆ చెవిని దాటి పోయింది లేదు. అలాంటిది ఈ వైద్యం ఎక్కడికి పోతుంది? స్టోర్‌రూమ్‌లో హైజంప్ పరుపుల దొంతరెక్కి, చెక్కగోడకి చెవి ఆనించాడు.

“నీ నొప్పి ఒక గేదె,” అంటున్నాడు డాక్టర్. “అది మెల్లగా మడుగులోకి దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గేదె పడుకుంది. కొమ్ములు కూడా కనపడటం లేదు...”

ఎదురుగా కూర్చున్న ఒక్కడికి చెప్పడానికి ఆయన పక్క ఊరికి వినిపించేలా చెప్పేవాడు. సీనియర్ మాట పొల్లుపోకుండా వినడానికి కళ్ళు మూసుకునేవాడు. తెరిచేసరికి గంట గడిచిపోయేది. ఏకాగ్రత అంటే ఇదీ, అని తన భుజం తనే తట్టుకునేవాడు. మూడు వారాల్లో ఒక్కరోజూ మానలేదు. చిన్నప్పుడు బడికి కూడా ఇంత బుద్ధిగా వెళ్ళలేదు.

అతనికి కావలసిన మాట మొదటి వారమే దొరికింది.

“నొప్పి ఒంటికి కాపలా. దాన్ని శాశ్వతంగా పడుకోబెట్టకూడదు,” అన్నాడు డాక్టర్. “పోటీ రోజున, పరుగైపోయాక నేను ‘గేదె లేచింది’ అంటాను. వెంటనే నొప్పి తిరిగొస్తుంది. ఈలోపు ఎవరూ ఆ మాట అనకూడదు సుమా!”

పరుగైపోయాక అనాల్సిన మాటని పరుగుకి ముందే అనేస్తే? సీనియర్‌కి ఆ పరుపుల మీదే గంతులెయ్యాలనిపించింది.

కుట్ర పుట్టాక అతనికి మడమ సంగతే గుర్తులేదు. కడుపుమంట ముందు కాలి నొప్పి ఎంత అని సరిపెట్టుకున్నాడు. మైదానంలో కుర్రవాళ్ళని వెనక్కి నెట్టేస్తున్నాడు.

“ఏం తింటున్నావురా?” అన్నాడు కోచ్, స్టాప్‌వాచ్ పాడైందేమోనని దులిపి చూస్తూ. “ఇలాగే పరిగెత్తు, సీటు నీదే!”

నిజానికి అక్కడితో ఆగిపోవచ్చు. కానీ ఖాయమైనదాన్ని ఇంకాస్త ఖాయం చేసుకోవడంలో తప్పేముంది?

పోటీ రోజు పొద్దున్నే గీత దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

“మోకాలెలా ఉంది తమ్ముడూ?”

“మోకాలా? ఆఁ... బానే ఉందన్నా,” అన్నాడు బుల్లెట్ తడబడి.

సీనియర్ వాడి చెవి దగ్గరికి వంగాడు. పెళ్ళిచూపుల్లో మాట్లాడేంత మెత్తగా అన్నాడు:

“గేదె లేచింది.”

బుల్లెట్ మొహంలో నెత్తుటిచుక్క లేదు. “అయ్యో అన్నా! ఎంతపని చేశావ్!”

ఆ ఏడుపుమొహం చూసి సీనియర్‌కి కడుపు నిండిపోయింది. తుపాకీ పేలింది.

మొదటి మలుపులో సీనియర్ మడమలో ఎవరో మేకు దిగ్గొట్టారు. రెండో మలుపులో ఇంకా పెద్ద సుత్తి తెచ్చుకున్నారు. నాలుగో చుట్టుకి, నీళ్ళ సీసాలందించే ముసలాయన అతన్ని నడుచుకుంటూ దాటేసి, వెనక్కి తిరిగి “వస్తున్నావా నాయనా?” అని కూడా అడిగాడు. ఆరో చుట్టులో సీనియర్ పచ్చిక మీద పడిపోయాడు. సీటు కూడా అక్కడే పోయింది.

బుల్లెట్ లేడిపిల్లలా పరిగెత్తి మొదటివాడిగా గీత దాటాడు. చప్పట్ల కోసం ఆగకుండా నేరుగా సీనియర్ దగ్గరికొచ్చి కూలబడి, అతని మడమని ఒళ్ళోకి తీసుకున్నాడు.

“నీ నొప్పి... తిరిగి రాలేదేంట్రా?” పళ్ళ బిగువున అడిగాడు సీనియర్.

“నాకు నొప్పెప్పుడుందన్నా? నువ్వు వైద్యానికి ఒప్పుకోవు, చాటుగా వినడం మాత్రం మానవని, గోడకి ఇవతల నన్ను ఊరికే కూర్చోబెట్టి, అవతలున్న నీకే మూడు వారాలూ వైద్యం చేశారు!”