సగం దారి

"ఇదిగో ఆంపొఫో, మళ్ళీ వచ్చాడు! బయటికి పోతానంటున్నాడు!"

కంప్యూటరు ముందు కూర్చుని డుఫీ కేక పెట్టింది. అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న ఆమె మొగుడు వెనక్కి కూడా తిరగలేదు.

"ఎవడు?"

"ఏమో, ఏదో ప్రోగ్రాము! పేరు చూస్తే అన్నీ అక్షరాలూ అంకెలూను. ఫైర్‌వాల్ వాణ్ణి గుమ్మం దగ్గర పట్టుకుని, పంపనా ఆపనా అని నన్నడుగుతోంది."

"ఇంట్లో వాడుకునే కంప్యూటరుకి ఫైర్‌వాల్ ఎందుకు చెప్పు? రౌటర్ ఉందిగా. అది వీధి గేటు. గేటుండగా గదికో కాపలావాణ్ణి పెట్టుకుంటారా ఎవరైనా?"

"గేటు వచ్చేవాణ్ణి ఆపుతుంది. లోపల నక్కి సామాను మోసుకుపోయేవాణ్ణి ఎవరాపుతారు? పోయినేడు నేను గీసిన బట్టల నమూనా ఇంకెవరి పేరుతోనో కెజెటియా బజారులో వేలాడలేదూ?"

ఆంపొఫో "నీ ఇష్టం" అని గొణుక్కుంటూ ఆఫీసుకి వెళ్ళిపోయాడు. డుఫీ వాణ్ణి ఆపమని ఎర్ర బొత్తాం నొక్కింది.

ఈ ఫైర్‌వాల్ పెట్టింది మొన్ననే. అందాకా తన కంప్యూటరు బుద్ధిగా, ఒంటరిగా కూర్చుని ఉంటుందనే అనుకుంది. పెట్టాక చూస్తే ఏముంది, లోపల ఒక పెద్ద సంతే నడుస్తోంది! ఒకడు గడియారం సరిచేసుకొస్తానంటాడు. ఇంకొకడు ప్రింటరు కోసం వెళ్ళొస్తానంటాడు. కొందరైతే ఎందుకు పోతారో కూడా చెప్పరు. ఔరా, బంటామాలో ఒక మూలనున్న ఈ ఇరుకు గదిలోంచి ఇంతమంది లోకం మీదికి పోయి వస్తున్నారా! ఇన్నాళ్ళూ వీళ్ళందరి మధ్యా కూర్చుని, ఏమీ ఎరగనట్టు బట్టల మీద పూలు గీసుకున్నానా! ఆమెకి భయమూ వేసింది, అబ్బురమూ వేసింది.

రేపు పొద్దున బట్టల మిల్లువాళ్ళకి కొత్త నమూనాలు చూపించాలి. నచ్చాయా, ఏడాది పొడుగునా మిల్లు ఆమె గీసినవే అచ్చు వేస్తుంది. ఈలోగా బయటికి పొక్కాయా, ఇక ఆమె మొహం చూడరు. ఆ భయంతోనే వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించలేదు. ఉన్నవన్నీ ఆ కంప్యూటరు పెట్టెలోనే ఉన్నాయి.

మధ్యాహ్నం రంగుల కోసం బజారుకి వెళ్ళక తప్పలేదు. మొగుడి నానమ్మ అచియాని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది.

"నానమ్మా, తెర మీద చిన్న కిటికీ తెరుచుకుని ఎవరైనా బయటికి పోతానంటే, ఇదిగో ఈ ఎర్రదాని మీద నొక్కండి. అంతే."

ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని తెరకేసి చూసింది.

"అయితే వీళ్ళంతా అడక్కుండా గడప దాటరా?"

"దాటరు."

"అబ్బబ్బ, ఎంత మర్యాద! నా మనవడు ఇవాళ నాతో చెప్పకుండానే వెళ్ళాడు తెలుసా?" అని అచియా బుగ్గలు నొక్కుకుంది.

డుఫీ తిరిగొచ్చేసరికి ముసలావిడ మొహం వెలిగిపోతోంది.

"ఎవరైనా వచ్చారా నానమ్మా?"

"వచ్చాడు. పాపం, పేరు చెప్పుకున్నాడు. పోయొస్తాను, సెలవిమ్మని దారి అడిగాడు. ఆ అంకెల పేరు గలవాడు."

"ఎర్రది నొక్కారుగా?"

"నాకేం పొగరా? దారి అడిగినవాణ్ణి పోవద్దనడం మన ఇంటా వంటా ఉందా? మంచినీళ్ళిద్దామంటే నోరెక్కడుందో కనపడలేదు. సరే, సెలవడిగిన చుట్టానికి మన పెద్దలు దారి ఇచ్చినట్టే ఇచ్చాను. సగం దారి నీది నాయనా, మిగతా సగం నా దగ్గరే ఉంటుంది, దాని కోసం మళ్ళీ రావాలి అని చెప్పి పచ్చది నొక్కాను."

డుఫీ చేతిలోని రంగుల సంచి కింద పడిపోయింది.

"కొంప ముంచారు నానమ్మా! వాడు దొంగ! నా నమూనాలన్నీ ఎత్తుకుపోయాడు!"

"దొంగైతే దారి అడుగుతాడటే?"

డుఫీ నోరు తెరిచేలోగా కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది, రావడం రావడం బల్బు భగ్గున వెలిగి మాడిపోయింది. కంప్యూటరు పెట్టెలోంచి చిటచిటమని చప్పుడు, ఆ వెనకే పొగ. డుఫీ తీగ పీకేసింది గానీ అప్పటికే లోపలంతా నల్లగా కమిలిపోయింది.

అంతే! దొంగ చేతిలో ఒక నకలుంది, గీసినదాని చేతిలో బూడిద మిగిలింది. ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది. పక్క వాటాలో ఉడికిన దుంపలతో ఫుఫూ ముద్ద దంచుతున్న ఆడవాళ్ళు రోకళ్ళు ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అచియా మాత్రం ఏం చేయాలో తెలియక మనవడి పెళ్ళాం వీపు నిమురుతూ ఉండిపోయింది.

సాయంత్రం ఆంపొఫో వచ్చాడు. కాలిన పెట్టెను చూశాడు. డుఫీ వెక్కుతూ చెప్పినదంతా విన్నాడు.

"ఆ అంకెల పేరుగలవాణ్ణి నువ్వు మొన్నటి నుంచీ ఆపుతూనే ఉన్నావా?" అని అడిగాడు.

"ఆపాను! ఇవాళ నానమ్మే పంపేసింది!"

అతను జేబులోంచి ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. డుఫీ కళ్ళు తుడుచుకుని చూసింది. చూసి, ఏడుపు మరిచిపోయింది. అరచేతంత తెర మీద ఆమె పూలు, ఆమె పక్షులు, పొద్దున దిద్దిన అంచుతో సహా, ఒక్కటీ పోకుండా వరసగా ఉన్నాయి!

"ఇవి... ఇవి నీ దగ్గరికెలా వచ్చాయి?"

"చెబితే ఒప్పుకోవని నీకు చెప్పకుండా పెట్టాను. ఎప్పటికప్పుడు నీ నమూనాలకి నకలు తీసి నాకు చేరవేయమని ఆ అంకెల పేరువాణ్ణి నీ కంప్యూటరులో కూర్చోబెట్టింది నేనే!"