లెక్కలు రాని గిజిగాడు

కంప్యూటరుకు ప్రోగ్రాం రాయాలంటే ముందు లెక్కలు రావాలా అని అడిగారు కదా పిల్లలూ, ఇది వినండి.

వానలు దగ్గరపడ్డాయి. కుర్ర గిజిగాడికి ఇంకా గూడు లేదు.

"లెక్కలు రానివాడివి, గూడేం అల్లుతావురా? ముందు కొలతలు నేర్చుకో," అన్నాడు గుడ్లగూబ మామ.

"అవన్నీ నేర్చుకునేలోపు తడిసిపోతాను మామా," అంటూ గిజిగాడు ఒక గడ్డిపోచ తెచ్చి కొమ్మకు ముడేశాడు. జారిపోయింది. విప్పి మళ్లీ వేశాడు. ఈసారి నిలిచింది. దాని వెంట ఇంకో పోచ. అలా అల్లుతూ పోతే గూడు వేలాడింది. తీరా లోపలికి దూరబోతే తల ఇరుక్కుంది!

"చెప్పానా!" అని నవ్వాడు మామ.

గిజిగాడు తల లాక్కుని, ద్వారం పక్కన రెక్క పెట్టి చూసుకున్నాడు. "ఇప్పుడు కావాలి మామా నీ కొలతలు. చెప్పు, వింటూ అల్లుతాను."

తొలి వాన కురిసినప్పుడు మామ తడుస్తూ పాఠం చెబుతున్నాడు. గిజిగాడు గూట్లోంచి శ్రద్ధగా వింటున్నాడు.