చుక్కి అడిగిన ప్రశ్న

ఒక పెరట్లో చుక్కి అనే ముసలి పెట్ట ఉండేది. గూట్లో దాని పక్కనే మందారం పడుకునేది. మందారం పుంజుగా పుట్టినా, తాను పెట్టనేనని చెప్పి పెట్టల్లోనే బతుకుతోంది.

ఒక సాయంత్రం కంచె అవతల కోళ్లను ఎత్తుకుపోయే జంగుపిల్లి తచ్చాడింది. పెట్టలన్నీ గూటికి పరుగెత్తాయి. గూటికి పెద్ద అయిన ఎర్రటి డేగపుంజు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మందారం పెట్ట కాదు. బయటే ఉండాలి. మీ మంచికే చెబుతున్నా."

చుక్కి ముందుకొచ్చింది. భయపడుతూనే అడిగింది. "పెట్టో కాదో ఎలా తేలుస్తావు మావా?"

"గుడ్లు పెట్టాలి, అణిగి ఉండాలి."

"నేను గుడ్లు మానేసి చాన్నాళ్లయింది. నేనూ బయటేనా?"

"ఎదురు చెప్పావు కదా, నువ్వూ బయటే!" అంటూ పుంజు పొడవబోయింది. మందారం మధ్యలోకి దూకింది. "అక్కని ముట్టుకోకు!"

జంగుపిల్లి ఎక్కుతుంటే కంచె కదిలింది. పెట్టలన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. రేపు పుంజు ఎవరిని బయట ఉంచుతుందో ఎవరికీ తెలియదు. అన్నీ ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చేసరికి పుంజు పక్కకి పడింది. పుంజుతో సహా అందరినీ లోపలికి పంపి మందారం చివరన ఆగింది. చుక్కి దాని రెక్క పట్టి లోపలికి లాగింది.

జంగుపిల్లి గూడు చుట్టూ తిరుగుతూనే ఉంది. లోపల పెట్టలన్నీ దగ్గరగా ఒదిగి, పిల్లి వైపు కాక మూలనున్న పుంజు వైపే చూస్తూ కూర్చున్నాయి.