ఎండకు స్విచ్ యాడుంది?

"చెయ్యి తీయండి!"

మేడం కేకకు మిద్దె మీదున్న పన్నెండు మందీ ఉలిక్కిపడ్డారు. కమాల్ బాషా చెయ్యి వైరుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"స్విచ్ ఆపినా కదా మేడం!"

"స్విచ్ ఆపినారు సరే. ఎండను ఆపినారా?"

ఆమె మీటరు పెట్టి చూపించింది. ఆరు వందల వోల్టులు. సోలార్ పలకల మీద ఎండ పడినంతసేపూ వాటి వైర్లలో కరెంటు ఉండనే ఉంటుంది. ముందు మీటరు, తర్వాత రబ్బరు తొడుగులు, ఆ తర్వాతే చెయ్యి. ప్రొద్దుటూరులో నడిచే ఈ సోలార్ శిక్షణలో మొదటి రోజు చెప్పిన పాఠమే అది.

కమాల్ బాషాకు తెలియక కాదు. ఆ చేతికి తెలియదు. బొగ్గుతో కరెంటు తీసే చోట ఇరవై ఆరేళ్ళు పని చేసిన చెయ్యి. ఆడ పెద్ద స్విచ్ కిందికి లాగితే మోటారు చచ్చినట్టే. ఎవరన్నా తొడుగులు వేసుకుంటే "గాజులు గూడా వేసుకోప్పా" అని నవ్విన మనిషి ఆయన. ఆ కాంట్రాక్టు పని కాస్తా పోయింది. ఇంక బొగ్గుకు కాలం చెల్లింది, ఎండదే రాజ్యమని ఊరంతా అంటుంటే, యాభై రెండేళ్ళ వయసులో మళ్ళీ ఓనమాలు మొదలుపెట్టాడు.

ఇది మూడో పరీక్ష. మూడుసార్లూ అదే తప్పు. ఈ రోజు పాసైనవాళ్ళ పేర్లే జమ్మలమడుగు దగ్గరి సోలార్ పార్కుకు పోతాయి. సోమవారం నుంచి పని. తప్పితే మళ్ళీ ఆరు నెలలకు గానీ పరీక్ష లేదు.

మేడం కాగితం మీద ఆయన పేరు కొట్టేసింది.

"మేడం, నా బిగింపులు చూడండి. ఒక్కటన్నా వదులుందా?"

"లేదు. అందరికంటే బాగున్నాయి."

"మరి?"

"పనిలో చేరిన మొదటి మధ్యాహ్నమే మీరు వైరు పట్టుకుంటే, మీ ఇంట్లోవాళ్ళకు నేనేం చెప్పాల?" అంది, తల ఎత్తకుండానే.

మెట్లు దిగుతుంటే పాసైన అల్లాబక్ష్ పక్కన చేరాడు. "ఏం మామా, ఈసారి గూడా పాయెనా! నాతో రెండుసార్లు విప్పించి బిగింపించినా, కడాకు పాస్ చేసిందిలే. పోయి ఒక మాట చెప్పుకోరాదూ?"

"చెప్పుకునేదానికైతే ఈడ దాకా రావాల్నా?" కసిరాడు కమాల్ బాషా. "ఆ యమ్మ వయసు కంటే నా సర్వీసు ఎక్కువ. నిన్నగాక మొన్న టెస్టర్ పట్టినోళ్ళు నాకు కరెంటు నేర్పుతారంట!"

రాజుపాలెం బస్సులో సీటు కూడా దొరకలేదు. ఊరొచ్చేదాకా నిలబడే కుతకుతలాడాడు.

ఇంటికొచ్చిన మొగుడి ముఖం చూసింది మాబున్ని. "తప్పితివా?"

"నేను తప్పలా, తప్పించినారు! అంతమంది పిల్లోళ్ళ ముందర నిలబెట్టి, ఎండను ఆపినారా అని అడుగుతాదా? సోమవారం వాళ్ళంతా సద్ది కట్టుకొని జమ్మలమడుగు బస్సెక్కుతాంటే, నేను వాకిట్లో కూర్చొని చూస్తాండాల."

"ఆ తొడుగులు వేసుకుంటే నీ సొమ్మేం పాయె?"

"నువ్వు గూడా ఆమె పక్కే!"

"నాకు బతికుండే మొగుడు కావాల. చెయ్యి కడుక్కో, సంగటి చల్లారిపోతాది."

కమాల్ బాషా విసురుగా కంచం ముందు కూర్చున్నాడు. "ఆ మేడం మాట ఇంగ ఈ ఇంట్లో వినపడకూడదు, చెప్తాండా!"

అంతలో వాకిట్లో స్కూటీ ఆపి, చెప్పులు విడిచి లోపలికొచ్చిన మేడం, మాబున్ని చేతిలోని గిన్నె అందుకొని, "నువ్వు జరుగమ్మా, నాయనకు నేను పెడతా" అంది.