దెబ్బల పుస్తకం

“ముప్పై ఏడా!”

తనిఖీకొచ్చిన రాగసుధ ఉలిక్కిపడింది. లెక్క తప్పానేమోనని ఆ నలిగిన పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి తిరగేసింది. తప్పేం లేదు. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై నలభై రోజులైంది. ఈ నలభై రోజుల్లో ముప్పై ఏడు దెబ్బలు. గ్రైండరు చక్రం పగిలి ఒకరి నుదురు చీలింది. చైన్ కప్పీలో పడి ఒకరి వేళ్లు నలిగాయి. ఒకరు నిచ్చెన మీంచి జారారు, ఇంకొకరి ముంజేయి వెల్డింగు దగ్గర కాలింది. ప్రతిదానికీ తేదీ ఉంది, కట్టు ఎన్నిసార్లు మార్చారో కూడా ఉంది. పేరు మాత్రం ఒక్కటీ లేదు.

“మీ దగ్గర పనివాళ్లు ఎంతమంది?”

“పద్నాలుగు మందండి,” అన్నాడు నజీరుద్దీన్. నిజాంపట్నం రేవులో బోట్లు బాగుచేసే ఆ చిన్న యార్డు అతనిదే. అరవై దాటినా ఇంకా తనే సుత్తి పట్టుకుంటాడు.

రాగసుధ ఫోనులో లెక్క కట్టింది. వందమందికి రెండువందల అరవై నాలుగు! తెనాలి ఆఫీసులో కూర్చుని ఐదేళ్లుగా ఈ లెక్కలే చూస్తోంది. ఇంత అంకె ఎన్నడూ చూడలేదు. ఇది యార్డా, యమలోకమా?

గంట క్రితమే పక్కనున్న శివరామయ్య యార్డు చూసి వచ్చిందామె. అక్కడ అరవైమంది పనివాళ్లు. రిజిస్టరు కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. ఏడాది మొత్తానికి దెబ్బలు సున్నా. “మావాళ్లు జాగ్రత్తపరులమ్మా,” అంటూ ఆయన కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చాడు. ఈసారి రెండు యార్డుల్లో ఒక్కదానికే రేవు స్థలం లీజు పొడిగిస్తారు. ఎవరికన్నది రాగసుధ పంపే దెబ్బల లెక్కే తేల్చాలి.

“దెబ్బలు తగిలినవాళ్లని పిలవండి. మాట్లాడాలి.”

“వాళ్లిక్కడ లేరండి.”

రాగసుధ తలెత్తి చూసింది. ఒడ్డుకెక్కించిన బోటు కింద పద్నాలుగు మందీ పనిలో ఉన్నారు. ఒక్కరి ఒంటిమీదా కట్టు లేదు. కుంటేవాడు లేడు. ఎవరి చేతులు చూసినా నిక్షేపంలా ఉన్నాయి. విషయం అర్థమై ఆమెకి ఒళ్లు మండింది.

“దెబ్బ తగలగానే తరిమేసి, కొత్తవాళ్లని పెట్టుకుంటున్నారన్నమాట!”

నజీరుద్దీన్ చేతిలోని సుత్తిని బల్లమీద పెట్టాడు.

“పోనీ వాళ్ల పేర్లన్నా చెప్పండి.”

“చెప్పలేనండి.”

“ఏమండీ,” అంది పక్కనే నిలబడ్డ అతని భార్య అబీదా. “చెప్పేద్దామండి. ఈ యార్డు పోతే మనకింకేముంది?”

“అబీదా! నువ్వు మాట్లాడకు!”

అబీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పు చేసినవాడే అలా కసురుతాడు అనుకుంది రాగసుధ. ఆమెకి అబీదాని చూస్తే జాలేసింది.

“ఈ పుస్తకం ఎవరు రాస్తారమ్మా?”

“నేనేనండి. రేపల్లెలో డాక్టరుగారి దగ్గర పన్నెండేళ్లు కట్లు కట్టాను. కట్టు కట్టినప్పుడల్లా రాసిపెట్టడం ఆయన నేర్పిన అలవాటు. మీరొచ్చి దెబ్బల పుస్తకం ఉందా అన్నారు. ఉన్నదే తెచ్చిచ్చాను.”

“దాచకుండా ఇచ్చారు, అదొక్కటే మీరు చేసిన మంచిపని.” రాగసుధ లేచింది. “లీజు పొడిగించొద్దని రాస్తున్నాను నజీరుద్దీన్ గారూ. రేపే తాళం వేయమంటాను.”

ముసలాయన ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్ల యార్డు మరి. అయినా అతను అడిగింది వేరు.

“నిషేధం ఇంకో మూడు వారాలుందండి. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, పని తొందర మీద ఉంటుంది. అప్పటిదాకా మా గేటు తెరిచి ఉంచనివ్వండమ్మా. తర్వాత మీ ఇష్టం.”

“ఎందుకు? ఇంకో ముప్పై ఏడుమంది నెత్తురు కళ్లజూడ్డానికా?”

అతను తల దించుకున్నాడు. అన్నెంపున్నెం ఎరగనట్టు ఆ నిలబడ్డమేంటో! రాగసుధకి అసహ్యం వేసింది. అక్కడికక్కడే ఫోనులో రిపోర్టు నింపింది. శివరామయ్య యార్డు సున్నా, నజీరుద్దీన్ యార్డు ముప్పై ఏడు. పంపించేసింది. కొన్ని ప్రాణాలు కాపాడానని ఆమెకి నిజంగానే తృప్తి కలిగింది.

అంతలో యార్డు వెనక గేటు వైపు నుంచి కేక వినిపించింది.

“అబీదక్కా! అబీదక్కా!”

పాతికేళ్ల మనిషి తూలుతూ పరిగెత్తుకొస్తున్నాడు. కుడిచేతికి చుట్టుకున్న తువ్వాలు ఎర్రగా కారుతోంది. రాగసుధ రెండడుగులు వెనక్కి వేసింది. ఐదేళ్లుగా అంకెలు రాసిందే గాని, దెబ్బని ఇంత దగ్గరగా చూడ్డం ఆమెకి ఇదే మొదటిసారి.

“గ్రైండరక్కా... మేస్త్రీ చూడకముందే కట్టెయ్యక్కా! చూస్తే పనిలోంచి తీసేస్తారు!”

“కట్టుతో పోయేది కాదురా ఇది! ఏమండీ, ఆటో పిలవండి, రేపల్లె తీసుకెళ్లాలి!” అంటూ అబీదా మందుల పెట్టె కోసం లోపలికి ఉరికింది.

“చూశారా!” రాగసుధ నజీరుద్దీన్ మీద అరిచింది. “ఇంకా మూడు వారాలు కావాలా మీకు? ముప్పై ఎనిమిది! నా కళ్లముందే ముప్పై ఎనిమిది!”

నజీరుద్దీన్ కూలబడబోతున్న ఆ మనిషిని పొదివి పట్టుకుని మెల్లగా అటు తిప్పి బల్లమీద కూర్చోబెట్టాడు.

ఆ మనిషి చొక్కా వీపు మీద శివరామయ్య యార్డు పేరుంది.