బారెడు జడ

“కూసో ఆంటీ, భయపడకు. జుట్టే గద, మల్లొస్తది,” అంది యామిని, భద్రయ్య కుర్చీని గిర్రున తిప్పుతూ.

ఊర్మిళ కూర్చోలేదు. నడుము దాటిన జడను రెండు చేతులా పట్టుకుని, బోయిగూడ సందులోని ఆ కటింగ్ షాపు గుమ్మంలోనే నిలబడిపోయింది.

“రేపు చేయించుకుంటానే!”

“నిన్న సుత గిదే మాటన్నవ్!” యామిని ఉరికి తలుపుకు అడ్డంపడింది. ఎనిమిదేళ్ల పిల్ల, పోలీసు పటాటోపం. తల్లి కల్పలత ఇద్దర్నీ ఇక్కడ దింపి, కూరగాయలకని మోండా మార్కెట్‌కు పోయింది. ఇక అడిగేవాళ్లు లేరు.

భద్రయ్య నవ్వు ఆపుకున్నాడు. పోయినేడు ఇదే కుర్చీలో ఈ పిల్లకు గుండు చేసింది ఆయనే. తలలో గడ్డ. ఊరికే పెరిగిపోయే పాడుగడ్డ. ఆపరేషన్ చేసి తీశాక రేడియేషన్ పెట్టారు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా దిండు మీద రాలుతుంటే తల్లి తీసుకొచ్చింది. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

ఇప్పుడో! నెత్తినిండా ఉంగరాల జుట్టు. మెడ వెనక గాటు ఒక్కటే మిగిలింది. పిల్ల షాపంతా గెంతుతుంటే ఆయన ప్రాణమూ గెంతుతోంది.

ఈ అమ్మను చూస్తేనే దిగులు. ముప్పై అయిదు దాటి ఉండవు. ఈమెకూ అదే రోగమా? మెడ వెనక చూశాడు. గాటు లేదు. ఆపరేషన్ ఇంకా కాలేదన్నమాట.

ఎట్టకేలకు ఊర్మిళ కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

“నేను చెప్త, ఇను,” యామిని పాఠం షురూ చేసింది. “రేడియేషన్ల మొకానికి ప్లాస్టిక్ జాలీ మాస్క్ ఏసి బల్లకు బిగిస్తరు. అందరు బైటికి ఉర్కుతరు. నువ్వొక్కదానివే. జెర గూడ కదలొద్దు!”

“నిజంగా అంత బిగుతుగా ఉంటుందా?” ఊర్మిళ కళ్లు తెరిచింది.

“మరేందనుకున్నవ్? ముక్కు దురద పెడ్తే సచ్చినట్టే, గీకనీకి రాదు! ఎన్కనుంచి కీమో. వాంతులే వాంతులు. ఒకసారి నర్సక్క చెప్పులల్లనే కక్కిన!”

ఊర్మిళ పకపకా నవ్వింది. అదే అదనుగా భద్రయ్య జడను కసుక్కున కత్తిరించేశాడు.

“అయ్యో నా జడ!”

అప్పటికే యామిని దాన్ని తోకలా తగిలించుకుని కోతి గంతులేస్తోంది. పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లు కప్పులతో సహా వచ్చి తొంగిచూశారు.

కత్తి నున్నగా సాగింది. గుండు తళతళలాడింది. యామిని దానిమీద దరువేసింది. అద్దంలో చూసుకుని ఊర్మిళ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు.

ఆ నీళ్లు చూసి భద్రయ్య ఉండబట్టలేకపోయాడు. చేయి తుడుచుకుని ఆమె తలమీద పెట్టాడు.

“పరేషాన్ గాకు బిడ్డా. ఈ పోరికి తగ్గలే? నీకు సుత తగ్గుతది. దీనికి దొరికినసొంటి డాక్టర్ దొరకాలె, అంతే.”

“ఓ తాతా, ఆ డాక్టరే ఈమె, నా స్కాన్ల గడ్డ లేదని వస్తే గుండు కొట్టించుకుంటనని నాతోటి పందెం గట్టింది!”